వదులు అన్నాడు

మార్చి 3, సోమవారం

ఈ నోటుబుక్కు కళ్లజోడు ఇచ్చింది. కళ్లజోడంటే కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మాయి. అసలు పేరు చాలా పొడుగు, నాకు నోరు తిరగదు. రోజూ ఏ పని ఎలా చేశానో రాసి సాయంత్రానికి ఇవ్వమంది. ఆ రాత విడి కాగితాల మీద రాసిచ్చేస్తాను. బుక్కు నేనే ఉంచుకున్నాను. అట్ట గట్టిగా ఉంది.

రేపటి నుంచి నేను ఫిట్టర్ని కాదు, పంతుల్ని. మనిషి ఆకారంలో ఉన్న రోబో ఒకటి వచ్చింది. పంపుల షెడ్డులో మనుషుల పక్కన నిలబడి స్పానర్లూ రెంచీలూ అందించడం, అందుకోవడం దానికి నేర్పాలి. ఇరవై ఆరేళ్లు పని చేసింది ఇందుకన్నమాట, ఇనప బొమ్మకు ఇచ్చిపుచ్చుకోవడం నేర్పడానికి.

ఫోర్‌మన్ మాత్రం చాలా మర్యాదగా చెప్పాడు. "నీ చెయ్యి మెత్తన. షెడ్డులో నువ్విచ్చినట్టు పనిముట్టు ఎవరూ ఇవ్వరు. అందుకే నీ పేరు రాశాను."

నిజమే. గొప్పలు చెప్పుకోవడం కాదు గానీ, నిజమే.

మార్చి 4, మంగళవారం

శిష్యుణ్ణి చూశాను. షెడ్డు చివర పాత స్టోరు గది ఖాళీ చేయించి అందులో నిలబెట్టారు. నేల మీద రబ్బరు పరుపు, నాలుగు మూలలా కెమెరాలు. మొహం ఉండాల్సిన చోట నల్లద్దం. చేతులకు అయిదేసి వేళ్లు, నా వేళ్లకంటే శుభ్రంగా ఉన్నాయి. ఒకడు దాన్ని తుడుస్తున్నాడు, ఒకడు ఫ్యాను పెడుతున్నాడు, ఒకడు వెనక వైరు సర్దుతున్నాడు. అది మాత్రం చేతులు వేలాడేసుకుని, ఎవరేమిస్తారా అన్నట్టు నిలబడి ఉంది. "కొత్తల్లుడిలా ఉన్నాడే!" అన్నాను. సాయంత్రానికి షెడ్డంతా అదే పేరు.

నాకొక గ్లౌజు తొడిగారు. వేలువేలుకూ సన్నటి తీగలు. వస్తువును ఎంత గట్టిగా పట్టుకున్నానో, ఏ వేలు ఎప్పుడు విప్పానో అన్నీ కంప్యూటర్లోకి పోతాయట. బల్ల మీది స్పానరు తీసి, పిడి అవతలి మనిషి వైపు తిప్పి అందించాలి. అలా వెయ్యిసార్లు చేస్తే కొత్తల్లుడు చూసి నేర్చుకుంటాడు. అవతలి మనిషి ప్రస్తుతానికి కళ్లజోడే.

"షెడ్డులో ఎలా ఇస్తారో అచ్చం అలాగే ఇవ్వండి మేస్త్రీ గారూ. నా కోసమని ప్రత్యేకంగా జాగ్రత్త పడకండి," అంది.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. బరువైన పనిముట్టు ఇచ్చేవాడు "వదలనా?" అని అడగాలి. పుచ్చుకునేవాడు పట్టు కుదిరాక "వదులు" అనాలి. ఆ మాట చెవిన పడ్డాకే వేళ్లు విప్పాలి. గోడ మీద ఎర్ర రంగుతో రాసి కూడా ఉంది. పొద్దస్తమానం అక్కడ వినిపించేది అదే, వదలనా, వదులు, వదలనా, వదులు. ఇంట్లో పెళ్లానికి చెంబు అందిస్తూ వదలనా అన్నవాళ్లున్నారు, నాతో కలిపి.

కళ్లజోడు "వదులు" అనదు, "వదలండి" అంటుంది. రెంచి దగ్గర గౌరవాలేమిటమ్మా అంటే నవ్వి, మళ్లీ వదలండి అనే అంది.

మార్చి 6

నాలుగు వందల ముప్ఫై సార్లు. భుజం లాగేస్తోంది. కొత్తల్లుడికి ఏ లాగుడూ లేదు.

మార్చి 9, ఆదివారం

మధ్యాహ్నం మా బావమరిది వాళ్లు భోజనానికి వచ్చారు. వచ్చారనడమెందుకు, ఉండేది మా వెనక వాటాలోనే. మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు. షెడ్డులో వాణ్ణి ఉడుత అనేవాళ్లం, నిచ్చెన లేకుండా పైపులు పట్టుకుని పైకి పాకేవాడు కాబట్టి. నేనే తీసుకెళ్లి ఫిట్టింగులో పెట్టించాను. పన్నెండేళ్లు నా పక్కన పని చేశాడు. ఇప్పుడు గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయే లారీల నంబర్లు రాస్తున్నాడు.

గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగుతాడు. వాడి కూతురికి ఏడాదిన్నర. అది ఎత్తుకోమని చేతులు చాపితే, "ఉండు తల్లీ, కూర్చోనీ," అని గోడకు ఆనుకుని కూర్చున్నాక ఒళ్లో పెట్టించుకుంటాడు. నిలబడి ఎత్తుకోడు.

"చెయ్యి బాగానే ఉందని డాక్టరు చెప్పాడు కదరా. రెండు వేళ్లు సరిగ్గా వంగకపోతే ఏమైంది?" అంది మా ఆవిడ.

"చెయ్యి కాదక్కా. నాకే నమ్మకం లేదు. పట్టు కుదరకుండానే వదులు అన్నానంటే, ఇంక దేన్ని పట్టుకున్నానని నమ్మాలి?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

మా ఆవిడ కంచాలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను చెయ్యెలా ఉందిరా అని అడిగాను. పర్లేదు బావా అన్నాడు. రోజూ అడుగుతాను, రోజూ పర్లేదంటాడు.

ఒకసారి రాసేస్తే ఆ గొడవ నా బుర్రలోంచి పోతుంది. పోయిన మే నెల, మూడో నంబరు పంపు. నేను పైన పలకల మీద, వాడు కింద. రెండడుగుల పైపు రెంచి. వంగి కిందికి ఇచ్చాను. వదలనా అని అడిగాను. వదులు అన్నాడు. వదిలాను. రెంచి జారింది. వాడి కుడి మణికట్టు రెంచికీ పైపుకీ మధ్య నలిగిపోయింది.

ఎంక్వైరీలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వాణ్ణి అడిగితే గుర్తులేదన్నాడు. "బావ అన్నానన్నాడంటే అనే ఉంటాను సార్," అన్నాడు. పట్టు దొరక్కుండా వదలమన్నాడని వాడి కార్డు మీద 'అజాగ్రత్త' అని రాశారు. ఆ మాట పడిన మనిషి షెడ్డులో పనిముట్టు ముట్టుకోకూడదు. అందుకని గేటు.

ఇందులో నేను చెయ్యగలిగింది ఏమీ లేదు.

మార్చి 12, బుధవారం

ఇవాళ్టి నుంచి కొత్తల్లుడు ఇస్తాడు, మేం పుచ్చుకుంటాం. వాడికి గొంతు కూడా పెట్టారు, కళ్లజోడు గొంతే. నల్లద్దంలోంచి ఆడపిల్ల గొంతు "వదలనా?" అనేసరికి తలుపు దగ్గర గుమిగూడినవాళ్లు పగలబడి నవ్వారు. స్టోర్‌కీపరైతే "అప్పుడే వదలకు తల్లీ, ఇంకా పెళ్లి కాలేదు నాకు," అన్నాడు. వాడికి యాభై దాటాయి.

తీయడం బాగా తీస్తున్నాడు. పిడి తిప్పడం నాలాగే, చిన్న విసురుతో. చూడ్డానికి ముచ్చటేసింది. కానీ "వదలనా?" అనడం, వేళ్లు విప్పేయడం ఒక్కసారే జరిగిపోతోంది. పదిసార్లు ఇస్తే తొమ్మిదిసార్లు స్పానరు పరుపు మీద ధబ్.

మార్చి 13

ధబ్.

మార్చి 14

వదలనా అని అడిగాను. వదులు అన్నాడు.

మార్చి 19, బుధవారం

కళ్లజోడు నాలుగు రోజులుగా తిండి సరిగ్గా తినడం లేదు. కొత్తల్లుడి వేళ్లలో మోటార్లు మార్చారు. చెవుల్లాంటివేవో మార్చారు, మనం "వదులు" అన్నది వినపడటం లేదేమోనని. వినపడుతోంది. కంప్యూటర్లో రాసినదంతా మొదటి నుంచి చదివారు. పై ఊరి నుంచి ఇంకొకతను వచ్చి, రెండు గంటలు చూసి, తల గోక్కుని వెళ్లాడు. అతను గోక్కున్నంత సేపూ కొత్తల్లుడు ఇస్తూనే ఉన్నాడు, పడేస్తూనే ఉన్నాడు.

నాకు కొంచెం సరదాగానే ఉంది. మొన్నటిదాకా మా పని రోబోలకు పోతుందని షెడ్డులో ఒకటే గోల. స్పానరు అందించడం చేతకానివాడు మన అన్నం ఏం లాక్కుంటాడు అని భోజనాల దగ్గర అందరికీ ధైర్యం చెప్పాను. అందరూ నన్నే మెచ్చుకున్నారు, నేనే కావాలని తప్పు నేర్పినట్టు.

"మీకేమైనా తడుతోందా మేస్త్రీ గారూ?" అని అడిగింది సాయంత్రం.

"మీ చదువులు మాకేం తెలుస్తాయమ్మా," అన్నాను.

మార్చి 25, మంగళవారం

తప్పు దొరికింది.

పొద్దున్నే కళ్లజోడు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తెర మీద నా వీడియో పెట్టింది. బాగా నెమ్మదిగా పెట్టింది, రెప్ప వేసేంత పని అరనిమిషం సాగుతుంది. కింద రెండు గీతలు. పైది మాటల గీత. కిందది నా వేళ్ల గీత, పట్టు బిగిస్తే లేస్తుంది, విప్పితే పడిపోతుంది.

వీడియోలో నేను చెయ్యి చాపాను. "వ... ద... ల... నా..." ఆ 'నా' దగ్గరే కింద గీత పడిపోయింది. కళ్లజోడు "వదలండి" అన్నది ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది. ఆ సరికి రెంచి నా చేతిలో లేదు.

"ఇంకోటి చూపించమ్మా," అన్నాను.

ఇంకోటి చూపించింది. ఇంకోటి. వెయ్యిన్నీ రెండు వందల సార్లు ఇచ్చాను. జవాబు వచ్చేదాకా ఆగింది అరవై ఒక్కసారి. ఆ అరవై ఒక్కటీ మొదటి రోజువే, కెమెరాలకు కొత్త కదా.

"ప్రోగ్రాములో తప్పేం లేదు మేస్త్రీ గారూ. అది మిమ్మల్ని చూసి నేర్చుకుంది, చక్కగా నేర్చుకుంది. మీరు అడుగుతారు, కానీ జవాబు కోసం ఆగరు. అవతలి చేతి లాగుడు తగలగానే వదిలేస్తారు. నేను అందుకోవడానికి సిద్ధంగా ఉంటాను కాబట్టి పడలేదంతే. దానికి ఆ లాగుడు తెలీదు, మాట అనగానే వదిలేయడం మాత్రం వచ్చేసింది." తర్వాత నా మొహం చూసి గబగబా అంది, "నిజం పనిలో ఇలా చెయ్యరనుకోండి. ఇక్కడ కింద పరుపుంది కదా, అందుకని తేలిగ్గా తీసుకున్నారు."

"అవునవును. పరుపుంది కదా," అన్నాను.

ఆ అమ్మాయి మంచిది. అడక్కుండానే దారి చూపించింది, నేను వెంటనే ఆ దారిన పడ్డాను.

మార్చి 26

అడిగాను. అడగడం మాత్రం అడిగాను. అని ఉంటాడు.

మార్చి 28, శుక్రవారం

పాత రికార్డులు పక్కన పడేసి కొత్తవి తీస్తున్నారు. ఈసారి జవాబు వచ్చేదాకా ఆగాలి. తేలికేగా అనుకున్నాను. చెయ్యి ఆగదు. వదలనా అన్నానో లేదో వేళ్లు వాటంతటవే తెరుచుకుంటాయి. ఇరవై ఆరేళ్లు నాకు తెలియకుండా చేసిన పనిని ఇప్పుడు తెలిసి ఆపాలంటే, నడుస్తూ నడుస్తూ ఏ కాలు ముందని ఆలోచించినట్టుంది.

కళ్లజోడు ఒక చిన్న దీపం పెట్టింది. తను వదలండి అన్నాక పచ్చగా వెలుగుతుంది. అది చూసి వదలమంది. నలభైసార్లు చేస్తే పదిహేను సార్లు ఆగగలిగాను. యాభై మూడేళ్ల వయసులో దీపం చూసి వేళ్లు విప్పడం నేర్చుకుంటున్నాను. కొత్తల్లుడు పక్కన నిలబడి చూస్తున్నాడు, తోటి విద్యార్థిలా.

మొన్న మే దాకా ఇన్నేళ్లూ షెడ్డులో ఏ ప్రమాదమూ ఎందుకు జరగలేదు మరి? అందుకునేవాళ్లంతా నా చేతికి అలవాటు పడ్డారు, అందుకని. వదలనా అనగానే నేను వదిలేస్తానని వాళ్లకు తెలుసు, ముందే గట్టిగా పట్టుకుంటారు. ఉడుతకూ తెలుసు. పన్నెండేళ్లు నాతో పని చేశాడు, వాడికి తెలియదా?

ఈ లెక్కన మళ్లీ వాడిదే తప్పని తేలుస్తున్నాను. రాశాక చదువుకుంటే కనిపించింది.

ఏప్రిల్ 2, బుధవారం

"అందరూ మీలా గట్టిగా పట్టుకోరు కదా. చేతిలో పట్టు తక్కువున్నవాళ్ల దగ్గర కూడా రికార్డు చేయాలి. ఎవరైనా ఉన్నారా?" అని కళ్లజోడు ఫోర్‌మన్‌ని అడిగింది.

"గేటు దగ్గరున్నాడుగా, ఈయన బావమరిదే," అన్నాడు ఫోర్‌మన్. "ఇక్కడ వాడేది ప్లాస్టిక్ రెంచేనంటున్నావు, కార్డు అడ్డం రాదు. పిలిపిస్తాను."

వద్దనడానికి నాకు కారణం దొరకలేదు.

పదకొండు నెలల తర్వాత షెడ్డులోకి అడుగు పెట్టాడు. దారిలో పంపులన్నిటినీ చూసుకుంటూ వచ్చాడు. మూడో నంబరు దగ్గర ఆగి చేత్తో తట్టాడు కూడా. నల్లద్దం మొహాన్ని చూసి, "ఇతనేనా బావా నీ కొత్తల్లుడు? కట్నం ఏమిచ్చావేంటి?" అన్నాడు. అందరూ నవ్వారు. వాడుంటే షెడ్డులో ఎప్పుడూ నవ్వులే. ఆ సంగతి నేను మర్చిపోయాను.

ముందు నేనిచ్చాను. వదలనా అన్నాను. వాడు ఒక చెయ్యి వేశాడు, రెండో చెయ్యి వేశాడు, ఒకసారి లాగి చూశాడు, ఇంకోసారి లాగి చూశాడు. నుదుటి మీద చెమట. ఆ తర్వాత వదులు అన్నాడు. ఆగాను. దీపం లేకుండానే ఆగాను.

తర్వాత కొత్తల్లుడు. కొత్త రికార్డులు ఇంకా దానికి ఎక్కించలేదు, పాత చదువే. కళ్లజోడుకు కావలసింది అందుకునే చెయ్యి ఎలా వస్తుందో చూడటం. "పడేస్తుందండీ, ఏం పర్లేదు," అని వాడికి ముందే చెప్పింది.

"వదలనా?" వేళ్లు తెరుచుకున్నాయి. రెంచి వాడి చేతుల మధ్య నుంచి పరుపు మీద పడింది.

వాడు చటుక్కున వంగి తీశాడు. "అయ్యయ్యో, నాదే. సారీ అమ్మా. నేనే సరిగ్గా పట్టుకోలేదు. మళ్లీ ఇమ్మనండి."

"మీదేం లేదండీ. మీరింకా వదలమని అననేలేదు. అది ముందే వదిలేసింది, దానికలా అలవాటైపోయింది."

"లేదమ్మా, మీకు తెలీదు. నా చెయ్యే అంత."

అయిదుసార్లు ఇచ్చింది. అయిదుసార్లూ పడేసింది. అయిదుసార్లూ వాడే సారీ చెప్పాడు. నాలుగోసారైతే కళ్లజోడు వైపు కూడా చూడలేదు, ఆ నల్లద్దానికే చెప్పాడు. తప్పు నీది కాదని ఆ అమ్మాయి అంటున్న కొద్దీ, వాడు ఆ అమ్మాయిని ఓదారుస్తున్నాడు.

ఆ అలవాటు ఎవరిదో కళ్లజోడు చెప్పలేదు. నా వైపు ఒకసారి చూసి కాగితాల్లోకి తల దించుకుంది.

నాకు సిగ్గేసింది. చాలా సిగ్గేసింది. ఈ బుక్కులో ఆ మాట ఇంతవరకు ఎక్కడా లేదు.

ఏప్రిల్ 3, గురువారం

ఫోర్‌మన్ గదికి వెళ్లాను. మేలో వాడు వదులు అనలేదని, నేను ముందే వదిలేశానని చెప్పాను. గీతల కాగితం బల్ల మీద పెట్టాను. అడగ్గానే తీసిచ్చింది కళ్లజోడు, ఎందుకని అడగలేదు.

ఫోర్‌మన్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏడాది కావస్తోంది. ఇప్పుడెందుకయ్యా తవ్వుకోవడం?"

"వాడి కార్డు మీద రాసింది కొట్టెయ్యాలి."

కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఏ ఫైలూ కదలకుండా రిటైరైపోవాలని కోరిక, అంతే. "సరే, ఇలా రాయి. అలవాటు వల్ల జరిగింది, మెషీను రికార్డు చూసేదాకా నాకు కూడా తెలియదు అని రాయి. అలవాటుకు శిక్ష లేదు. వాడి కార్డు శుభ్రమవుతుంది, నీ కార్డుకు మరకా ఉండదు."

రాశాను. బాగా కుదిరింది. రెండోసారి చదువుకుంటే నాకే నమ్మకం కలిగింది.

ఏప్రిల్ 6, ఆదివారం

భోజనాలయ్యాక వాణ్ణి ముందు గదిలో కూర్చోబెట్టి చెప్పాను. "ఆ రోజు నువ్వు వదులు అనలేదురా."

"ఏంటి బావా?"

"నువ్వు అనలేదు. నేనే ముందు వదిలేశాను."

వాడికి అర్థం కాలేదు. మళ్లీ చెప్పించుకున్నాడు. మూడోసారి చెప్పాక లేచి గుమ్మం దాకా వెళ్లి, తిరిగొచ్చి, "నేను అనలేదా? నిజంగా అనలేదా?" అన్నాడు. అనలేదన్నాను. అప్పుడు నవ్వాడు. నవ్వుతుంటే కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "అక్కా! అక్కా, ఇలా రా! బావ చెప్పేది విను!" అని వంటింట్లోకి కేకేశాడు.

మా ఆవిడ వచ్చింది. ఆమె ముందు నాలుగోసారి చెప్పాను. గ్లౌజు సంగతీ, గీతల సంగతీ, వెయ్యిన్నీ రెండు వందల సంగతీ చెప్పాను. వాడు కాగితం లాక్కుని, గీత పడిపోయిన చోట వేలు పెట్టి వాళ్లక్కకు చూపించాడు. "చూడు, ఇదిగో, జవాబు రాకముందే! పడేసింది నేను కాదక్కా. నా చేతిదేం కాదు."

నా మీద కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. నా మోకాలి మీద చెయ్యి వేసి, ఆ చెయ్యే, "ఊరుకో బావా, ఎందుకలా అయిపోతావు? అలవాటు ఎవరికైనా ఉంటుంది. కావాలని చేశావా ఏంటి? మెషీను చెప్పేదాకా నీకు మాత్రం ఏం తెలుసు?" అన్నాడు.

అక్కడితో ఆగిపోవచ్చు. ఫోర్‌మన్ కాగితం కూడా అక్కడే ఆగింది.

మా ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. కాగితం వైపు చూడలేదు, నన్నే చూస్తోంది. పెళ్లయి ఇరవై అయిదేళ్లు.

"మెషీను చెప్పేదాకా మీకు తెలీదా?" అంది.

తెలీదు అంటే అయిపోయేది. నోరు తెరిచాను కూడా.

ఆ రోజు నేను పైనుంచి వంగినప్పుడు వాడు నా వైపు చూడటం లేదు. పక్కకు తిరిగి పైపు అతుకు చూస్తున్నాడు. ఒక చెయ్యి రెంచికి తగిలిందంతే. నోరు మూసే ఉంది. నేను చూశాను. చూసేసరికే రెంచి నా చేతిలో లేదు. అలవాటో, తొందరో, ఏదైతేనేం, పడిన క్షణంలోనే నాకు తెలుసు. వాణ్ణి బండి ఎక్కించి పంపాక పదిమంది చుట్టూ ఉండగా ఫోర్‌మన్ అడిగాడు, "అడిగావా? వదులు అన్నాడా?" అన్నాడని చెప్పాను. వాడు మనవాడే కదా, ఎలాగో సర్దుకుంటాడు అనుకున్నాను. పరాయివాడైతే ఆ మాట అనేవాణ్ణి కాదేమో. మర్నాడు చెబుదామనుకున్నాను. ఎంక్వైరీ అయ్యాక చెబుదామనుకున్నాను. గేటు దగ్గర వెయ్యరులే అనుకున్నాను. వేశారు.

"తెలుసు," అన్నాను.

"ఎప్పట్నుంచి?"

"ఆ రోజే."

వాడు నా మోకాలి మీంచి చెయ్యి తీసేశాడు. కాగితాన్ని సగానికి మడిచాడు, మళ్లీ సగానికి మడిచాడు, బల్ల మీద పెట్టాడు.

"పదకొండు నెలలు," అన్నాడు. "పదకొండు నెలలు రోజూ వచ్చి చెయ్యెలా ఉందిరా అని అడిగావు బావా."

లేచి వెనక వాటాలోకి వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 7, సోమవారం

ఫోర్‌మన్ దగ్గర పాత కాగితం తీసుకుని చించేశాను. ఆ రోజే తెలుసు, ఎంక్వైరీలో అబద్ధం చెప్పాను అని కొత్తది రాసిచ్చాను.

"నీ ఖర్మ," అన్నాడు. "ఇది నేను పైకి పంపక తప్పదు."

పంపమన్నాను. గది బయటికొచ్చాక ఏమైనా తేలిగ్గా ఉందేమోనని చూసుకున్నాను. లేదు. ఆకలేసింది.

ఏప్రిల్ 9

నన్ను గేటుకు వేశారు. వాడు ఇంటి దగ్గరే ఉన్నాడు, వాడి కాగితం పై నుంచి రావాలి. వాడి కుర్చీ, వాడి పెన్ను, వాడి రిజిస్టరు. వాడి రాత చాలా బాగుంది, లారీ నంబర్లు కూడా గుండ్రంగా రాశాడు.

మా ఆవిడ మాట్లాడుతోంది. కుళాయి కారుతోంది అంది. గొడుగు తీసుకెళ్లమంది. అంతవరకే.

ఏప్రిల్ 11, శుక్రవారం

కళ్లజోడు టీ తాగడానికి పోతూ గేటు దగ్గర ఆగింది. కొత్తల్లుడు ఇప్పుడు ఆగుతున్నాడట, వదలమనేదాకా వదలడట. ఒక్కోసారి వదలమన్నా వదలడం లేదట, అది వేరే సంగతి.

"మీ పాత రికార్డులు చెరిపెయ్యలేదు మేస్త్రీ గారూ. ఉంచాం," అంది.

"వాటితో పనేమిటమ్మా ఇంక?"

కొంచెం తటపటాయించి చెప్పింది. "ఎలా ఇవ్వకూడదో నేర్పడానికి పనికొస్తాయండీ."

ఎలాగైతేనేం, పంతుల్నే అన్నాను. నవ్వాలా వద్దా అని ఆలోచించి, నవ్వకుండా వెళ్లిపోయింది.

ఏప్రిల్ 14, సోమవారం

ఇరవై రెండు లారీలు.

వెనక వాటాలో పొద్దున నవ్వులు వినిపించాయి. ఇల్లంతా సందడిగా ఉంది, మా ఆవిడ రెండుసార్లు అటు వెళ్లొచ్చింది. నేను బయటికొచ్చేసరికి తలుపు వేసి ఉంది.

సాయంత్రం ఫోర్‌మన్ బండి ఆపి, అద్దం దించి చెప్పాడు. ఉడుత కార్డు శుభ్రమైంది, రేపటి నుంచి ఫిట్టింగులోకి వస్తున్నాడు. శనివారమే కబురు పంపారట.

"ఇంట్లోవాళ్లేగా, నీకీపాటికి తెలిసే ఉంటుందిలే," అన్నాడు.

తెలుసన్నాను. ఇంట్లో నాకెవరూ చెప్పలేదు.